చక్రపాణి పోసిన ఉలవకట్టు

ఎలీషమ్మ పొయ్యి మీద మూకుడు పెట్టిందంటే మేడ్చల్ చర్చి వెనక గల్లీలో సగం మంది తుమ్మేవాళ్లు. తుమ్ముకుంటూ, తిట్టుకుంటూ కిటికీలు మూసేవాళ్లు. కాసేపాగి గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలోకే వచ్చి నిలబడేవాళ్లు. ఆమె చేతి కారం అట్లాంటిది మరి. శామీర్‌పేట చెరువు చేప ఆ ఇంట్లో ఉడుకుతుంటే, చర్చిలో పాట పాడేవాళ్ల మనసు కూడా కాసేపు అటు లాగేదంటే అబద్ధం కాదు.

ఆ కారం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. పుట్టింది దేవరయాంజాల్‌లో. తల్లీ తండ్రీ ద్రాక్షతోటల్లో కూలీలు, ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె కూడా వాళ్ల వెంట తోటలోనే. మధ్యాహ్నం పందిళ్ల కింద కూర్చుని గిన్నె మూత తీస్తే అన్నం మీద కారప్పొడి, ఉప్పు, ఉన్న రోజున ఒక చుక్క నూనె. కూర అనేది పండక్కీ పబ్బానికీ. తర్వాత తొంభైల్లో ఆ తోటలన్నీ ఒక్కొక్కటే ప్లాట్లయిపోయాయి, తీగల చోట హద్దురాళ్లు లేచాయి. అప్పటికే ఆమె మేడ్చల్ కోడలై, ఒక్కగానొక్క కూతురు క్రిస్టీనాను పెంచి పెద్దచేసి సూరారంలో ఇచ్చేసింది. తోటలు పోయినా కారం మాత్రం ఆమె చేతిని వదల్లేదు.

భర్త యేసయ్య దూలపల్లిలో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. కొలిమి దగ్గర వేడికి మాడి మాడి, ఇంటికొచ్చాక మళ్లీ నోట్లో మంట కావాలనేవాడు. ఇదేం పిచ్చో! పళ్లెం పక్కన పచ్చిమిరపకాయ లేకపోతే అలిగి లేచిపోయేవాడు. అయితే చర్చిలో మాత్రం ఆయనంటే అందరికీ గౌరవం. సంఘ పెద్ద, కంచు గొంతు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివే పని ఆయనదే. ఫలానా సహోదరికి మోకాళ్ల నొప్పులు, ఫలానా సహోదరుడి కొడుక్కి ఉద్యోగం, ఫలానా వారి గర్భఫలం. ఊళ్లో వాళ్ల రోగాలన్నీ ఆ గొంతులో నుంచే దేవుడి దగ్గరికి వెళ్లేవి. తన రోగం ఒకటి చదవాల్సి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

రెండువేల మూడులో వానలు పట్టిన రోజుల్లో అది బయటపడింది. ఏడాదిగా మూత్రం చుక్కచుక్కగా వస్తున్నా వయసు మీద పడిందిలే అని ఊరుకున్నాడు. రక్తం కనపడేసరికి ఎలీషమ్మ ఇక ఆగలేదు. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. రక్తం తీశారు, పరీక్షకు లోపలి నుంచి ముక్క తీశారు, మళ్లీ రమ్మన్నారు. డాక్టరమ్మ క్రిస్టీనా వయసు పిల్ల. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది, మగవాళ్లకు మాత్రమే ఉంటుంది, అందులో క్యాన్సర్ వచ్చింది. ఇంకా బయటికి పాకలేదు. ఏడు వారాలు కరెంటు పెడితే నయమయ్యే అవకాశం బాగా ఉంది. రేడియేషన్‌ను అక్కడ అందరూ కరెంటనే అంటారు, డాక్టరమ్మ కూడా వాళ్ల మాటే వాడింది.

ఆ తర్వాత ఆమె ఎలీషమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, సగం వైద్యం మీ వంటింట్లోనే ఉంది. కరెంటు పేగుల మీద కూడా కొంచెం పడుతుంది, అవి పుండులా అవుతాయి. కారం వద్దు, పులుపు తగ్గించండి. పప్పులు, ఆకుకూరలు, గ్యాస్ చేసేవి ఈ ఏడు వారాలు పెట్టకండి. మెత్తటి అన్నం, పెరుగు, గుడ్డు, ఉడికించిన చేప, ఆలుగడ్డ, అరటిపండు పెట్టండి. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా, ఎక్కువ సార్లు. నీళ్లు బాగా తాగాలి. బరువు తగ్గనివ్వకండి. విరేచనాలు పట్టి బరువు పడిపోతే మధ్యలో ఆపాల్సి వస్తుంది. ఆపితే రోగానికి సందు దొరుకుతుంది."

ఎలీషమ్మ చదువుకోలేదు. అయినా ఆ ఆఖరి మాట ఆమె మనసులో మేకులా దిగిపోయింది.

తిరుగు బస్సు బోయిన్‌పల్లి దాటింది. అప్పుడు యేసయ్య అన్న మొదటి మాట ఇది.

"ఎవ్వలకు జెప్పకు."

"క్రిస్టీనాకు గూడనా?"

"దానికి జెప్తె అల్లునికి తెలుస్తది. అల్లునికి తెలిస్తె సూరారం మొత్తం తెలుస్తది. గది ఎసుంటి జాగల వచ్చిన రోగమే! రేపు నేను చర్చిల నిలవడితె మందంత నా మొకం దిక్కు జూస్తరా, నడుము కిందికి జూస్తరా?"

"మరి రోజు పట్నం పోవుడు ఏమని జెప్దం?"

"కిడ్నీల రాళ్లు అందం. రాళ్లు అందరికి అయితయ్. ఇజ్జత్ గల్ల రోగం."

ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. బతకడమా చావడమా అని తేలని పూట కూడా మొగాడికి ఇజ్జతే ముందు! కానీ ఆయన దవాఖాన చీటీని మడిచి మడిచి వేలెడంత చేసి జేబులో కుక్కుకున్నాడు. సరేనంది. ఆ ఆదివారం యేసయ్య మనవుల కాగితం చదివి, ఆఖర్న గొంతు సవరించుకుని, "మీ సహోదరుడైన నాకు కిడ్నీలో రాళ్లున్నాయి, ప్రార్థించండి" అన్నాడు. పాస్టరు జాషువా అయ్యగారు కళ్లు మూసుకుని చేతులెత్తి, ప్రభువా ఈ రాళ్లను కరిగించు అని ఎలుగెత్తి ప్రార్థన చేశాడు. సంఘమంతా స్తోత్రం అంది. ఎలీషమ్మ పెదవులు కూడా కదిలాయి, మాట మాత్రం బయటికి రాలేదు.

చప్పిడి కూడు వండటం ఆమెకు వంట నేర్చుకున్న నాటికంటే కష్టమైంది. సొరకాయ ముక్కలు ఉడుకుతుంటే చెయ్యి దానంతటది కారం డబ్బా మీదికి పోయేది. ఒకసారి వేసేసింది కూడా. నెత్తి కొట్టుకుని ఆ కూర పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి వండింది. చివరికి కారం డబ్బాను, చింతపండు కుండను పక్కింట్లో పెట్టించింది. తనకు వేరే వండుకోలేదు. ఆయన ముందు కూర్చుని అదే తినేది. మొదటి రోజు యేసయ్య రెండు ముద్దలు తిని పళ్లెం నెట్టేశాడు.

"గిది మనిషి తినేదానే? పాణం బాగలేని బర్రెకు పెట్టేటట్టున్నది."

"తిను. నేను గూడ గిదే తింటున్న."

"నీకేమొచ్చింది రోగం?"

"నువ్వొచ్చినవ్ గద," అంది. ఆయన నవ్వి పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. ఆ పూట అట్లా గడిచింది. రోజులు గడుస్తున్నకొద్దీ నోరు కట్టుకోవడం ఆయనకూ అలవాటవుతుందని ఆమె ధైర్యం చేసుకుంది.

గండం ఇంట్లోనించి రాలేదు. గోడవతల నుంచి వచ్చింది.

పక్కిల్లు చక్రపాణిది. కారం డబ్బా దాచింది కూడా వాళ్లింట్లోనే. అదే ఫ్యాక్టరీలో యేసయ్య కంటే ముందు చేరి ముందే రిటైరైన మనిషి. శామీర్‌పేట దగ్గర వాళ్ల నాయిన భూమి అమ్మి వచ్చిన వాటాతో ఆ ఇల్లు కట్టుకున్నాడు. భార్య పోయింది, కొడుకు పరమేశ్ దుకాణం చూసుకుంటాడు. ఆయనకు తొంభై ఆరులో కిడ్నీలోంచి రాయి బయటపడింది. పడిన రాయిని పారేస్తాడా? కడిగి, ఆరబెట్టి, చిన్న గాజుబుడ్డిలో వేసి, గూట్లో దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు. ఇంటికెవరొచ్చినా ముందు బుడ్డి దించేవాడు, తర్వాతే చాయ్. ఆయన లెక్కలో అది కందిగింజంత. చూసినవాళ్లకు ఆవగింజ కంటే పెద్దగా కనపడేది కాదు. అప్పట్నించీ మేడ్చల్‌లో రాళ్లకు సంబంధించి ఆయన మాటకు తిరుగులేదు.

యేసయ్యకు రాళ్లని తెలిసిన మర్నాడే పొద్దున్నే చెంబుతో ప్రత్యక్షం. ఉలవలు నానబోసి, ఉడికించి, వంచిన కట్టు. పొగలు కక్కుతోంది, పైన మిరియాల పొడి తేలుతోంది.

"తమ్మీ, తాగు. నా రాయిని గుంజి పడేసింది గిదే. పరిగడుపున తాగాలె."

"నిమ్మలంగ తాగుత అన్నా, ఆడ పెట్టు," అన్నాడు యేసయ్య.

"నిమ్మలంగ తాగితె పనిజెయ్యది. నా ముంగట తాగు. నేను గూడ తాగుత, ఇగ చూడు." అని తన గ్లాసు తను ఎత్తి గటగటా తాగేశాడు. "నాకు ఇప్పటికి ఇసుక పోతనే ఉంటది. రాత్రి నాలుగైదు తాపలు లేస్త, ఒచ్చేది ఇంత. అందుకే ఉలువలు ఇడువలే."

యేసయ్య ఎలీషమ్మ వైపు చూశాడు. వద్దంటే ఎందుకొద్దంటాడు? ఆ జవాబు చెప్పాల్సి వస్తుంది. తాగేశాడు. మర్నాడూ వచ్చాడు చక్రపాణి, ఆ మర్నాడూ వచ్చాడు. అంత ప్రేమగా వచ్చే మనిషిని వాకిట్లోనే నిలబెట్టి వెనక్కి పంపడం ఎవరి తరం?

చర్చి ఆడవాళ్లు ఊరుకుంటారా! పాటలు మొదలుపెట్టే పద్మమ్మ కొండపిండాకు తెచ్చి పప్పులో వేసి వండిపెట్టింది. ఆ ఆకు కొండనే పిండి చేస్తుంది, కిడ్నీలో రాయెంత అని ఆమె ధీమా. అమ్మాజీ అరటిబోదె లోపలి దూట దంచి రసం తీసి సీసాలో పంపింది. పైగా తినకూడనివి ఒక దండకం. గుడ్డు వద్దు, పెరుగు వద్దు, చేప వద్దు, పాలు అసలే వద్దు, రాయి పెరుగుతుందట. డాక్టరమ్మ తినమన్నవన్నీ వీళ్లు వద్దన్నారు, వద్దన్నవన్నీ తెచ్చి పోశారు. ఇంత చక్కగా తిరగబడ్డ పథ్యం ఎక్కడన్నా ఉంటుందా చెప్పండి.

ఒక సాయంత్రం ఎలీషమ్మ గుడ్డు ఉడకబెట్టి పెంకు తీస్తుండగా పద్మమ్మ లోపలికొచ్చింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే గుడ్డు. యేసయ్య గదిలో ఆకలితో ఎదురుచూస్తున్నాడు.

"అయ్యో ఎలీషమ్మా! రాళ్లున్న మనిషికి గుడ్డు పెడ్తున్నవా?"

"ఆయనకు కాదక్కా. నాకే. కండ్లు తిరుగుతున్నయ్ అని."

"మరి తిను, సల్లారవట్టె," అని పద్మమ్మ పీట లాక్కుని కూర్చుంది.

ఎలీషమ్మ ఆమె ముందే ఆ గుడ్డు తింది. నీళ్లు తాగి తాగి మింగింది. లోపల గదిలో మంచం కిర్రుమంది. మొగుడి నోటి దగ్గరి ముద్ద తను తింటున్నానన్న బాధతో ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగితే, పాపం నీరసంగానే ఉన్నట్టుందని పద్మమ్మ వీపు నిమిరింది.

మూడో వారం వచ్చేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. కరెంటు వల్ల కొంత, ఉలవల వల్ల కొంత. కొంతేమిటి, చాలా. మలద్వారం దగ్గర మంట, కడుపంతా ఉబ్బరం. బస్సెక్కితే దవాఖాన చేరేదాకా ప్రాణం బిగపట్టుకుని కూర్చునేవాడు. అంగీ భుజాల మీద వేలాడటం మొదలైంది. ఒకరోజు కరెంటు పెట్టే గదిలోంచి కుర్రవాడొకడు బయటికొచ్చి, కరెంటు పడాల్సిన చోటికి గుర్తుగా నడుము దగ్గర గీసిన గీతలు మిషనుతో కలవడం లేదని, మనిషి తగ్గిపోయాడని డాక్టరమ్మతో చెప్పాడు. ఆమె యేసయ్య బరువు చూసి ముఖం చిట్లించింది.

"ఏం పెడుతున్నారమ్మా?"

ఎలీషమ్మ చెప్పింది. మెత్తటి అన్నం, పెరుగు, గుడ్డు, సొరకాయ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డాక్టరమ్మకు అర్థం కాలేదు. యేసయ్య ముఖం తిప్పుకుని గోడకేసి చూస్తున్నాడు. అప్పుడు ఎలీషమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని మెల్లగా, "పొద్దుగాల ఉలువకట్టు తాగుతడమ్మా. పగటిపూట దూట రసం. ఆకుపప్పు," అంది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. తర్వాత గట్టిగానే అంది. "ఇవాళ్టి నుంచే ఆపండి. పుండు మీద గరుకు గుడ్డ పెట్టి తోమినట్టే అది."

ఆపడం అంత తేలికైతే ఇంకేం! ఎలీషమ్మ చక్రపాణికి వాకిట్లోనే అడ్డం నిలబడి, డాక్టరమ్మ వద్దన్నదని చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"పట్నం డాక్టర్లకు ఉలువల సంగతి ఏమెర్క చెల్లె? నా రాయిని గాళ్లు తీసిన్రా?" అన్నాడు. అట్లా అని ఊరుకోక ఇంటికి పోయి బుడ్డి తెచ్చి చూపించాడు. ఆ బుడ్డి చూసేసరికి యేసయ్య లోపలి నుంచే, "తాగుత అన్నా, ఇయ్యి," అన్నాడు. ఎలీషమ్మ పళ్లు కొరుక్కుంది. తర్వాత్తర్వాత చక్రపాణి అటు తిరిగినప్పుడు చెంబును జామచెట్టు మొదట్లో ఒంపేసేది. అన్నిసార్లూ కుదిరేది కాదు. పద్మమ్మ గిన్నెనైతే ఒంపే వీలే లేదు, ఆమె తినేదాకా కూర్చుంటుంది.

"నిజం జెప్పేద్దం. ఒక్క మాటతోని అయిపోతది," అని ఎలీషమ్మ కాళ్లావేళ్లా పడింది.

"నేను సచ్చినంక జెప్పుకో," అన్నాడు యేసయ్య.

ఆ వచ్చిన శుక్రవారం స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోయాడు. దవాఖానలో సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ ఆ రోజు కరెంటు పెట్టలేదు. "సోమవారం బరువు చూస్తాను. ఇంకా తగ్గితే మాత్రం ఆపేస్తాను, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతానో చెప్పలేను. ఇప్పటిదాకా పడ్డ కష్టం గంగపాలవుతుందమ్మా," అంది. చేతిలో మిగిలింది శనివారం, ఆదివారం. శనివారం పొద్దున్నే చక్రపాణి చెంబు, మధ్యాహ్నం పద్మమ్మ గిన్నె ఎప్పటిలాగే వచ్చాయి. పడిపోయాడని తెలిసి ఈసారి ఇంకా ఎక్కువ తెచ్చారు.

ఆదివారం చర్చిలో యేసయ్య నిలబడలేక కుర్చీలో కూర్చునే మనవులు చదివాడు. కంచు గొంతు పగిలిన గిన్నెలా పలికింది. తర్వాత సాక్ష్యాల సమయం. పద్మమ్మ లేచి, కొండపిండాకు పప్పు తిన్నప్పటి నుంచి యేసయ్య కడుపులో రాయి పొడి పొడిగా పోతోందని, అందుకే విరేచనాలని, ఇది దేవుని కార్యమని సాక్ష్యమిచ్చింది. సంఘం స్తోత్రం అంది. జాషువా అయ్యగారు చేతులెత్తాడు. "ప్రభువా, ఆ మిగిలిన రాయిని కూడా..."

"ఆపుండ్రి అయ్యగారూ!"

ఎలీషమ్మ లేచి నిలబడింది. ఆ చర్చిలో ఆమె ఎన్నడూ గొంతెత్తింది లేదు, పాటలో తప్ప. రెండు చేతులతో ముందు బల్ల పట్టుకుంది.

"రాళ్లు లేవు. ఆయనకు రాళ్లు లేనే లేవు. క్యాన్సర్ ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్. ఉచ్చసంచి కింద. రోజు పట్నం పోయి కరెంటు పెట్టించుకుంటున్నడు. మేం మీకు అబద్ధం జెప్పినం, దేవునికి గూడ అబద్ధం జెప్పినం. మీరు ప్రేమతోని తెచ్చిందంత ఆయన పేగులల్ల పడి పాణం తీస్తున్నది. నేనే నోరు మూసుకుని తిననిచ్చిన. మీ కాళ్లు మొక్కుత, ఆకు వద్దు, ఉలువలు వద్దు, దూట వద్దు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయనకు ఒక గుడ్డు తిననియ్యుండ్రి."

పద్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యేసయ్య చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, లేచాడు, బల్లలు పట్టుకుంటూ మెల్లగా బయటికి నడిచాడు. ఆమె వైపు చూడలేదు. అయ్యగారు ఎత్తిన చేతులు దించి, "ప్రభువా, మాకు తెలియక అడిగాం. ఇప్పుడు తెలిసి అడుగుతున్నాం," అని మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చాక ఎలీషమ్మ అన్నం కలిపి పెట్టింది. తిన్నాడు. గుడ్డు పెట్టింది, తిన్నాడు. మాట మాత్రం లేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన తిట్టిన రోజులున్నాయి, పళ్లెం విసిరిన రోజులున్నాయి, మూగనోము పట్టింది లేదు. సోమవారం బరువు తగ్గలేదు. డాక్టరమ్మ మళ్లీ కరెంటు మొదలుపెట్టింది. ఎలీషమ్మ దవాఖాన వరండాలోనే స్తంభానికి ఆనుకుని ఏడ్చేసింది. సంతోషంతో కొంత, ఆయన పక్కనే ఉండి కూడా ఒక్క మాట పలకనందుకు కొంత.

అప్పట్నించీ వాళ్ల ఇంటికి వచ్చే గిన్నెలు మారిపోయాయి. పద్మమ్మ తన కోళ్ల గుడ్లు తెచ్చి గుమ్మంలో పెట్టి, "నా చేతులతోనే పోసిన గదనే," అని కళ్లు తుడుచుకుని పోయింది. అమ్మాజీ తోడుపెట్టిన పెరుగు పంపింది. యేసయ్య నడుము కిందికి ఎవరూ చూడలేదు. అందరూ ముఖంలోకే చూసి, ఎట్లున్నది అన్నా, తింటున్నవా అని అడిగారు. ఆయన తలూపేవాడు. ఇంట్లోకి రాగానే మళ్లీ గోడకు ముఖం తిప్పేవాడు.

చక్రపాణి మాత్రం రాలేదు. సంగతి ఆయనకు పరమేశ్ చెప్పాడట. విన్న రోజు నుంచి చెంబు గోడ మీద బోర్లించి ఉంది, తలుపు ఓరగా మూసి ఉంది. తన ఉలవల్ని నలుగురిలో తిట్టినందుకు నొచ్చుకున్నాడని ఎలీషమ్మ అనుకుంది. నొచ్చుకుంటే నొచ్చుకోనీ, మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. ఇద్దరు మగవాళ్లూ జన్మంతా తనతో పలకకపోయినా సరే, ఒక మనిషి బతికి ఉంటే చాలు. బస్సులో యేసయ్య కిటికీ వైపు, ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని ఈ వైపు. దవాఖానలో తినే టైమయ్యాక ఆయన చెయ్యి చాపేవాడు, ఆమె చప్పిడి అన్నం డబ్బా మూత తీసి ఇచ్చేది. విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. అంగీ ఇంకా వదులుగానే ఉంది, కానీ నడకలో తూలు పోయింది.

ఆఖరి వారం మొదలయ్యే ముందు సాయంత్రం. యేసయ్య లోపల మంచం మీద ఉన్నాడు. ఎలీషమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. గేటు చప్పుడైతే తలెత్తింది. చక్రపాణి. చేతిలో చెంబు లేదు. మనిషి చిక్కినట్టున్నాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఎలీషమ్మా. యేసయ్యకు మొదట్ల ఎట్లుండె?"

"ఎట్లంటె?"

"గదే. గా రోగం. ఎట్ల తెలిసింది?"

ఆమె చాట పక్కన పెట్టింది. "రాత్రి మస్తు సార్లు లేస్తుండె అన్నా. పోయి నిలవడితె జల్దీ రాకపోవు. వచ్చినా చుక్క చుక్క. ఇంక మిగిలినట్టే ఉంటదట. ఎనుకకెళ్లి నడుము నొప్పి. రక్తం పడ్డంక భయమైంది."

చక్రపాణి తలూపుతూ విన్నాడు. ప్రతి మాటకీ తలూపాడు.

"ఇసుక అనుకున్న. ఏడేండ్ల సంది ఇసుక పోతున్నదనే అనుకున్న. రాయి వడ్డది నిజమే గద, బుడ్డి కండ్ల ముంగటనే ఉంది గద, ఇంకేముంటది అనుకున్న. ఉలువలు తాగుకుంట కూసున్న." గొంతు తగ్గించాడు. "పోయిన నెల రక్తం పడ్డది. పరమేశ్‌కు జెప్పలే. ఎట్ల జెప్పాలె? నువ్వు గా దినం చర్చిల నిలవడి జెప్పినవని ఇన్న. మొగోణ్ని అయ్యుండి నాకు ధైర్యం సాలలే. గా దవాఖానకు ఏ బస్సు పోతది చెల్లె?"

రోజూ పొద్దున్నే చెంబు పట్టుకుని ఆయన నిలబడ్డ చోటు, ఆయన గటగటా తాగిన గ్లాసు, ఇసుక పోతనే ఉంటది తమ్మీ అన్న మాట, అన్నీ ఒక్కసారి ఎలీషమ్మ కళ్లముందు తిరిగాయి. ఆ మనిషి మీద ఎంత కోపం పెట్టుకుందో తలుచుకుంటే సిగ్గేసింది.

లోపల మంచం కిర్రుమంది. యేసయ్య గోడ పట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. చక్రపాణి పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"రెండొందల ఇరవై తొమ్మిది నంబర్ బస్సు," అన్నాడు యేసయ్య. "సికింద్రాబాద్‌ల దిగి ఇంకోటి ఎక్కాలె. నువ్వేం పరేషాన్ గాకు. పొద్దుగాల నాతోనే రా. డాక్టరమ్మ మంచిది, మొకం జూసి మాట్లాడుతది."

"భయమైతాంది తమ్మీ."

"నాకు గూడ అయింది. రాళ్లని జెప్పుకుని తిరిగిన. నీకు నిజం జెప్పి ఉంటె నీ సంగతి గూడ అప్పుడే తెలుస్తుండె." అప్పుడు తల తిప్పి, చర్చిలో లేచి వెళ్లిపోయిన ఆదివారం తర్వాత మొదటిసారి, భార్య ముఖంలోకి చూశాడు.

"ఎలీషమ్మా. రేపు అన్నకు గూడ ఒక డబ్బ గట్టు. కారం ఎయ్యకు."